ఒక్కరు మానితే ఒక లెక్క, అందరూ మానితే మరో లెక్క: సోషల్ నెట్‌వర్క్‌ల ప్రభావంపై పరిశోధన ఏం చెబుతోంది?

సంక్షిప్తంగా: సోషల్ మీడియా మనుషులకు మేలు చేస్తుందా, చేటు చేస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధకుల నుంచి పొంతన లేని జవాబులు వస్తున్నాయి. ఇందుకు ప్రధాన కారణం కొలిచే తీరు. ఒక్కో మనిషి వాడకాన్ని విడిగా కొలిచిన అధ్యయనాల్లో ప్రభావం చిన్నదిగా కనిపిస్తోంది. ఒక సమూహం మొత్తం నెట్‌వర్క్‌లోకి వచ్చినప్పుడు ఏం మారిందో చూసిన అధ్యయనాల్లో పెద్దదిగా కనిపిస్తోంది. ప్రభావంలో ఎక్కువ భాగం మనుషుల మధ్య ఉంటుంది కాబట్టి ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 3,55,358 మంది కౌమార వయస్కుల సర్వే వివరాలను విశ్లేషించారు. పిల్లల మానసిక స్థితిలో కనిపించే తేడాల్లో డిజిటల్ సాంకేతికత వాడకంతో ముడిపడింది మహా అయితే 0.4 శాతమేనని తేల్చారు. అదే లెక్కలో బంగాళాదుంపలు తినడానికీ ఇంచుమించు అంతే సంబంధం కనిపించింది. కళ్లజోడు పెట్టుకోవడానికి అంతకంటే ఎక్కువే కనిపించింది.

మూడేళ్ల తర్వాత బ్రాగియెరి, లెవీ, మకారిన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు మరో దారిలో వెళ్లారు. 2004లో హార్వర్డ్‌లో మొదలైన ఫేస్‌బుక్ అమెరికాలోని మిగతా కాలేజీలకు ఒక్కసారిగా కాకుండా విడతలవారీగా చేరింది. అది చేరిన కాలేజీలనూ, అప్పటికింకా చేరని కాలేజీలనూ వాళ్లు పోల్చి చూశారు. ఫేస్‌బుక్ వచ్చిన చోట తీవ్రమైన కుంగుబాటు 7 శాతం, ఆందోళన రుగ్మత 20 శాతం మేర పెరిగాయి. మొత్తంగా మానసిక ఆరోగ్యానికి జరిగిన నష్టం, ఉద్యోగం పోయినప్పుడు కలిగే నష్టంలో సుమారు ఐదో వంతు.

రెండు అధ్యయనాలూ పద్ధతి ప్రకారం జరిగినవే. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. అవి అడిగిన ప్రశ్నలే వేరు. ఎక్కువసేపు వాడే పిల్లలకూ తక్కువసేపు వాడే పిల్లలకూ తేడా ఎంత అన్నది మొదటి ప్రశ్న. కాలేజీకి కాలేజీయే ఒక నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోతే అక్కడి జీవితం ఏమవుతుందన్నది రెండోది.

ఫోన్ల కంటే పాత శాస్త్రం

మనుషుల మధ్య సంబంధాలను చుక్కలు, గీతలుగా చూసే శాస్త్రానికి తొంభై ఏళ్లు దాటాయి. 1932లో అమెరికాలోని హడ్సన్ పట్టణంలో ఉన్న ఒక బాలికల వసతి పాఠశాల నుంచి రెండు వారాల్లో 14 మంది పారిపోయారు. మనోవైద్యుడు జేకబ్ మొరెనో అక్కడి బాలికలను ఎవరితో కలిసి ఉండాలనుకుంటున్నారో అడిగి, ఆ జవాబులతో ఒక పటం గీశారు. పారిపోయిన వారి స్వభావాల కంటే ఆ పటంలో వాళ్లున్న చోటే ఎక్కువ సంగతి చెబుతుందని ఆయన వాదించారు. ఒకరి ఆలోచన ఇంకొకరికి ఏ దారిన చేరిందో ఆ గీతలు చూపించాయి. 1954లో జాన్ బార్న్స్ అనే మానవశాస్త్రవేత్త నార్వేలోని ఒక ద్వీప సమాజం గురించి రాస్తూ ఈ అర్థంలోనే ‘సోషల్ నెట్‌వర్క్’ అన్న మాట వాడారు.

ఈ పాత పరిశోధనలో ఇప్పటికీ ఎక్కువగా ఉపయోగపడుతున్నది మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన పత్రం. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించిన వాళ్లను ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఆ కబురు చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు? తరచుగా అన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. దగ్గరివాళ్లంతా ఒకే వలయంలో తిరుగుతుంటారు గనుక వాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త సంగతి దూరపు పరిచయస్తుల దగ్గర దొరుకుతుంది.

యాభై ఏళ్ల తర్వాత ఈ మాటను ఉద్యోగ పరిచయాల వేదిక లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందిపై పరీక్షించారు. ఎవరెవరిని పరిచయం చేసుకోవచ్చో సూచించే అల్గారిథమ్‌ను ఐదేళ్లపాటు కొందరికి ఒకలా, కొందరికి మరోలా మార్చి చూశారు. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. గ్రానొవెటర్ చెప్పింది మొత్తం మీద నిలబడింది, ఒక సవరణతో: మరీ దూరపు పరిచయం కూడా అంతగా పనికిరాదు. ఉమ్మడి మిత్రులు కొద్దిమంది ఉన్న ఓ మోస్తరు పరిచయమే ఉద్యోగం మారడానికి ఎక్కువ ఉపయోగపడింది.

అదే ఏడాది ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికాలోని 7 కోట్లకు పైగా ఫేస్‌బుక్ ఖాతాల మధ్య ఉన్న 2,100 కోట్ల స్నేహాలను విశ్లేషించింది. పేద కుటుంబాల వారికి సంపన్న స్నేహితులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో, పేద పిల్లలు పెద్దయ్యాక మెరుగైన సంపాదనకు చేరుతున్నారని తేలింది. ఆర్థిక ఎదుగుదలతో ఇంత గట్టిగా ముడిపడిన అంశాలు అంతకుముందు పెద్దగా కనిపించలేదు. ఇక్కడ ఫేస్‌బుక్ పాత్ర కొలబద్దదే. ఆ స్నేహాలు బడుల్లో, ప్రార్థనా మందిరాల్లో, ఇరుగుపొరుగులో పుట్టినవి. నెట్‌వర్క్ సంబంధాలను పుట్టిస్తోందా, అప్పటికే ఉన్నవాటిని చూపిస్తోందా అన్నది ఈ రంగంలో ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న.

అంటుకుందా, ముందే అలా ఉన్నారా?

ఒకేలాంటి వాళ్లు ఒకచోట చేరతారు. చేరాక ఒకరిని చూసి ఒకరు మారతారు కూడా. బయటి నుంచి చూసేవారికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

2007లో నికోలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ ఫ్రామింగ్‌హామ్ హృద్రోగ అధ్యయనంలోని 12,067 మంది వివరాలను 32 ఏళ్ల పొడవునా పరిశీలించారు. స్నేహితుడు ఊబకాయుడైతే తనకూ ఆ స్థితి వచ్చే అవకాశం 57 శాతం పెరుగుతుందని ప్రకటించారు. ఊబకాయం అంటువ్యాధి అన్న తరహా వార్తలు అప్పట్లో ప్రపంచమంతా తిరిగాయి. మరుసటి ఏడాదే ఏతన్ కోహెన్-కోల్, జేసన్ ఫ్లెచర్ అదే తరహా లెక్కను కౌమార వయస్కుల వివరాలకు వర్తింపజేశారు. ఆ లెక్క ప్రకారం మొటిమలు, తలనొప్పి, చివరికి ఎత్తు కూడా స్నేహితుల నుంచి అంటుకుంటున్నట్టు తేలింది! స్నేహితుడు పొడవైతే తాను పొడవు కావడం జరగని పని. ఊబకాయం విషయంలో స్నేహితుల ప్రభావం లేదని దీనివల్ల రుజువు కాలేదు. ఆ పద్ధతిని ఎంతవరకు నమ్మవచ్చో మాత్రం తెలిసింది.

సోషల్ మీడియా గురించి తరచూ వచ్చే వార్తల్లో చాలావాటికి ఈ ఇబ్బంది ఉంది. ఎక్కువసేపు ఫోన్ చూసే పిల్లల్లో దిగులు ఎక్కువని సర్వే చెబితే, ఫోన్ వల్ల దిగులు వచ్చి ఉండవచ్చు. దిగులుగా ఉన్న పిల్లలే ఫోన్ పట్టుకుని ఉండవచ్చు. ఇంట్లో ఏదో గొడవ ఆ రెండింటికీ కారణమై ఉండవచ్చు. అందుకే గత పదేళ్లలో పరిశోధకులు ప్రయోగాలవైపు, కాలేజీలకు ఫేస్‌బుక్ విడతలుగా చేరడం లాంటి సహజ సందర్భాలవైపు మళ్లారు.

ఒక్కరు బయటికి వస్తే

2018 అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు హంట్ ఆల్కాట్, మ్యాథ్యూ జెంట్‌స్కౌ తదితరులు కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ ఖాతా ఆపించారు. వారికి రోజుకు సగటున గంట సమయం మిగిలింది. ఆ గంట వేరే సామాజిక మాధ్యమాలకు మళ్లకుండా టీవీకి, ఇంట్లోవారితో, స్నేహితులతో గడపడానికి వెళ్లింది. సంతోషం, జీవితంపై తృప్తి కొద్దిగా పెరిగాయి. రాజకీయ వైరాలు కొంత మెత్తబడ్డాయి. వార్తల పరిజ్ఞానం మాత్రం తగ్గింది. గడువు ముగిశాక కూడా వాళ్లలో చాలామంది మునుపటికంటే తక్కువే వాడారు.

మంచి ప్రయోగమే. అయితే ఖాతా ఆపిన మనిషి చుట్టూ ఉన్నవారంతా ఫేస్‌బుక్‌లోనే ఉన్నారు. పిలుపులు అక్కడే అందుతున్నాయి, కబుర్లు అక్కడే నడుస్తున్నాయి. కాబట్టి ఈ ప్రయోగం కొలిచింది ఫేస్‌బుక్ ఉన్న లోకంలో ఒకరు దాన్ని మానుకుంటే ఏమవుతుందన్నదాన్నే. అసలు ఫేస్‌బుక్ లేని లోకం ఎలా ఉంటుందన్నది దానితో తెలియదు.

ఒక తరగతిలో ముప్ఫై మంది ఉన్నారనుకుందాం. ఇరవై తొమ్మిది మంది ఒక యాప్‌లో ఉంటే ముప్ఫయ్యో పిల్లవాడిపైనా దాని ప్రభావం పడుతుంది. మర్నాడు తరగతిలో నడిచే మాటలు వాడికి అర్థం కావు. విరామంలో పలకరించే వాళ్లు తగ్గుతారు. ఇప్పుడు ఒక పరిశోధకుడు వచ్చి, వాడే ఇరవై తొమ్మిది మందినీ వాడని ఒక్కడినీ పోలిస్తే పెద్ద తేడా కనిపించకపోవచ్చు, ఒక్కోసారి వాడనివాడే ఎక్కువ దిగులుగా కనిపించవచ్చు. తరగతి మొత్తానికి జరిగిన మార్పు రెండు వైపులా సమానంగా ఉండటంతో తీసివేతలో మాయమవుతుంది. 0.4 శాతం లాంటి అంకెలను చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఆ అంకె తప్పు కాదు. అయితే దానిలోకి రానిది చాలా ఉంది.

దీనికి సూటిగా ఉపకరించే ఆధారం లియొనార్డో బర్స్‌టిన్ బృందం 2023లో ప్రకటించిన పరిశోధనలో ఉంది. నాలుగు వారాలపాటు ఖాతా మూసుకోవడానికి ఎంత తీసుకుంటారని అమెరికా కాలేజీ విద్యార్థులను అడిగారు. మిగతా అందరూ వాడుతూ ఉంటే, టిక్‌టాక్ మానుకోవడానికి సగటున 59 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్‌కు 47 డాలర్లు ఇవ్వాలన్నారు. తర్వాత ప్రశ్న మార్చారు. కాలేజీలో తమతో సహా అందరి ఖాతాలూ ఒకేసారి మూతపడితే? అలా జరగడానికి తామే ఎదురు డబ్బు కడతామన్నారు: టిక్‌టాక్‌కు 28 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్‌కు 10 డాలర్లు. అందరూ ఉన్నారు గనుక తాము ఉండక తప్పడం లేదు, అందరూ పోతే తమకూ హాయి. కోట్ల మంది వాడుతున్నారు కాబట్టి జనానికి ఇది ఇష్టమేనన్న వాదన ఈ ఫలితం ముందు నిలవడం కష్టం.

పోలిక ఎందుకు ఎప్పుడూ ఓడిస్తుంది?

కాలేజీల అధ్యయనంలో నష్టం అందరికీ సమానంగా జరగలేదు. క్యాంపస్ బయట ఉండేవారు, ఆర్థికంగా వెనుకబడినవారు, అధిక బరువు ఉన్నవారు, అంటే ఇతరులతో పోల్చుకున్నప్పుడు తాము తక్కువన్న భావన కలిగే అవకాశం ఉన్నవారు ఎక్కువగా దెబ్బతిన్నారు. మనిషి తన స్థాయిని చుట్టూ ఉన్నవారితో పోల్చుకునే అంచనా వేసుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతీకరించారు. నెట్‌వర్క్ ఆ పోలికను ఒక పక్కకు వంచుతుంది. అందులో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, లెక్కే అలా ఉంటుంది.

ఐదుగురున్న చిన్న గుంపును తీసుకుంటే ఇది తేటపడుతుంది. అందులో ఒకరికి మిగతా నలుగురూ స్నేహితులు. ఆ నలుగురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. గుంపులో సగటు స్నేహితుల సంఖ్య 1.6. కానీ ఆ నలుగురిలో ఎవరిని అడిగినా ‘నాకు ఒక్కరే, నా స్నేహితుడికి నలుగురు’ అంటారు. ఐదుగురిలో నలుగురు తమ స్నేహితుడి కంటే వెనుకబడి ఉన్నట్టే. ఎక్కువ మందికి తెలిసినవారు ఎక్కువ మంది జాబితాల్లో కనిపిస్తారు గనుక పెద్ద నెట్‌వర్క్‌లలోనూ చాలామంది పరిస్థితి ఇదే. స్కాట్ ఫెల్డ్ 1991లో వివరించిన ఈ సంగతిని స్నేహాల విరోధాభాస అంటారు. తెర మీద వరసగా పోస్టులు కనిపించే ఫీడ్‌లో దీనికి మరో రెండు తోడవుతాయి. ఎక్కువగా పోస్ట్ చేసేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు, వాళ్లు పోస్ట్ చేసేవి తమ రోజుల్లో మంచివే. మూడూ కలిశాక, మామూలుగా బతుకుతున్న మనిషికి లోకమంతా తనకంటే బాగున్నట్టు అనిపించడంలో వింత లేదు.

అలాగని అందరూ కుంగిపోవడం లేదు. నెదర్లాండ్స్‌లో ఇనె బేయెన్స్ బృందం 2020లో కౌమార వయస్కులను వారంపాటు రోజుకు పలుమార్లు ప్రశ్నించింది. ఊరికే చూస్తూ పోవడం వల్ల 46 శాతం మందికి మునుపటికంటే బాగా అనిపించింది, 44 శాతం మందిలో మార్పు లేదు, 10 శాతం మందికి దిగులు కలిగింది. పిల్లల సంఖ్య చిన్నదే. అయినా సగటు అనే ఒక్క అంకె కింద ఎన్ని రకాల పిల్లలు ఉంటారో ఇది చూపింది. ఆ పదిమందిలో ఒకరిని ముందుగా గుర్తించడం ఎలా అన్న ప్రశ్నకు మరింత శ్రమ దక్కాలి.

వార్త ఒకలా, నడత మరోలా వ్యాపిస్తాయి

వార్త చేరడానికి ఒక్కసారి తాకితే చాలు. ఎంఐటీకి చెందిన సొరూష్ వొసూగి, డెబ్ రాయ్, సినాన్ అరల్ 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాల గొలుసులను పరిశీలించారు. అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజమైన కథనానికి పట్టిన కాలం అబద్ధానికి పట్టిన దానికి ఆరు రెట్లు. మనుషులు కాకుండా ప్రోగ్రామ్‌లు నడిపే బాట్ ఖాతాలు నిజాన్నీ అబద్ధాన్నీ దాదాపు ఒకే వేగంతో పంచాయి కాబట్టి తేడా మనుషుల నుంచే వచ్చింది. అబద్ధంలోని కొత్తదనం, అది పుట్టించే ఆశ్చర్యం అందుకు కారణమని పరిశోధకులు భావించారు.

నడత మారడానికి ఒక్కసారి తాకడం సరిపోదు. 2010లో డేమన్ సెంటోలా 1,528 మందితో కృత్రిమ ఆన్‌లైన్ సమూహాలు ఏర్పరిచి, ఒక ఆరోగ్య వేదికలో చేరే అలవాటు ఎలా పాకుతుందో చూశారు. స్నేహితులకు స్నేహితులు కూడా ఒకరికొకరు తెలిసిన గుబురు నెట్‌వర్క్‌లో అది 54 శాతం మందికి చేరింది. దూరదూరంగా కలిపిన నెట్‌వర్క్‌లో 38 శాతం దగ్గరే ఆగింది. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు చేశాకే మనిషి కదులుతాడు.

2010 అమెరికా ఎన్నికల రోజున ఫేస్‌బుక్ 6 కోట్ల 10 లక్షల మందితో చేసిన ప్రయోగంలోనూ ఇదే బయటపడింది. ‘ఓటు వేయండి’ అన్న ఉత్త సందేశం వల్ల ఓట్లు పెరగలేదు. ఓటు వేసిన స్నేహితుల ముఖాలు చూపిన సందేశం వల్ల పెరిగాయి. అదనంగా పడ్డాయని అంచనా వేసిన 3,40,000 ఓట్లలో 2,80,000 సందేశం చూసినవారి స్నేహితుల నుంచి వచ్చినవే.

వ్యాప్తికి దారి ఏదో తెలిస్తే అడ్డుకట్ట ఎక్కడ వేయాలో కూడా తెలుస్తుంది. అప్పటికే చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో పరిమితి పెట్టింది. అలాంటి సందేశాల ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని సంస్థ ప్రకటించింది. సందేశంలో ఏముందో చూడకుండా, దారిని ఇరుకు చేయడం ద్వారా వచ్చిన ఫలితమిది.

ఒకే చికిత్స, రెండు దేశాలు

ఫేస్‌బుక్ ఆపితే అమెరికాలో రాజకీయ వైరాలు మెత్తబడ్డాయి. ఇలాంటి ప్రయోగాన్నే 2019 జూలైలో బోస్నియాలో, 1995లో వేలమంది బోస్నియా ముస్లింలు హతమైన స్రెబ్రెనిత్సా నరమేధాన్ని స్మరించుకునే రోజుల్లో చేశారు. పాత గాయాల మీద మాటలు చెలరేగే సమయంలో దూరంగా ఉంటే ఇతర జాతులపై కోపం తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. ఖాతా ఆపినవారిలో ఇతర జాతులపై అభిప్రాయం దిగజారింది, ముఖ్యంగా తమ జాతివారే చుట్టూ ఉన్న చోట్ల. వాళ్లకు పరాయి జాతి మనుషులు తారసపడే చోటు ఆన్‌లైనే అయి ఉండాలి. అది మూసుకుపోయాక మిగిలింది తమవారి మాటలే.

ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. నెట్‌వర్క్ ప్రభావం అది దేని స్థానంలోకి వచ్చిందన్న దానిపై ఆధారపడుతుంది. బయట కలగలుపు ఉన్నచోట ఫీడ్ గోడలు కట్టవచ్చు. బయటే గోడలున్నచోట అదే కిటికీ కావచ్చు.

అల్గారిథమ్ పాత్రపైనా తొందరపాటు తీర్పులు చెల్లవు. 2020 అమెరికా ఎన్నికల సమయంలో మూడు నెలలపాటు కొందరికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లలోని పోస్టులను అల్గారిథమ్ ఎంచిన వరసలో కాకుండా, అవి వచ్చిన సమయం వరసలో చూపించారు. వాళ్లు అక్కడ గడిపే సమయం బాగా తగ్గింది, రాజకీయ వైఖరులు మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. దీన్ని అల్గారిథమ్‌కు దక్కిన నిర్దోషి పత్రంగా కొందరు చదివారు. ఏళ్ల తరబడి ఆ అల్గారిథమ్‌కు అనుగుణంగా రాయడం నేర్చుకున్న నాయకులు, వార్తా సంస్థలు, మిత్రులు చుట్టూ అలాగే ఉండగా, ఒక మనిషి ఫీడ్ వరస మూడు నెలలు మార్చితే తెలిసేది కొంతే.

లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి?

2014లో ఫేస్‌బుక్ 6,89,003 మంది ఫీడ్‌లో సంతోషకరమైన, విచారకరమైన పోస్టులను తగ్గించి చూసినట్టు వెల్లడైంది. వాడుకరుల రాతల్లో వచ్చిన మార్పు అతి స్వల్పం. వారికి చెప్పకుండా చేశారన్న ఆగ్రహం మాత్రం పెద్దదే. ఆ ఆగ్రహం న్యాయమైనది. తర్వాతి ఏళ్లలో బయటి పరిశోధకులకు దారులు ఒక్కొక్కటిగా ఇరుకయ్యాయి. 2023లో ట్విటర్ తన సమాచారాన్ని ఉచితంగా ఇచ్చే ఏర్పాటును ఆపేసింది. 2024 ఆగస్టులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, ఏ పోస్టులు ఎంతగా వ్యాపిస్తున్నాయో చూపే తన క్రౌడ్‌టాంగిల్ సాధనాన్ని మూసేసింది. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం మాత్రం పెద్ద వేదికల సమాచారాన్ని అర్హులైన పరిశోధకులకు అందుబాటులో ఉంచాలని నిర్దేశించింది.

అందరూ ఒకేసారి మానితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇప్పుడు ఒక దేశంలో జవాబు వెతకవచ్చు. 16 ఏళ్లలోపు వారికి ఖాతాలు లేకుండా చూసే బాధ్యతను వేదికలపైనే పెట్టిన ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ఫలితాలను కొలిచేవారు ఖాతా పోయిన పిల్లలను, దొడ్డిదారిన ఉంచుకున్న పిల్లలతో పోల్చి ఊరుకుంటే పాత తీసివేతే మళ్లీ జరుగుతుంది. చూడాల్సింది తరగతులను. దాదాపు అందరూ బయటికి వచ్చిన తరగతి, సగం మందే వచ్చిన తరగతి, ఎవరూ రాని తరగతి: విరామంలో పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటున్నారో ఈ మూడు చోట్లా అడగాలి. మొరెనో 1932లో వేసిన ప్రశ్న ఇంచుమించు అదే.